గాలి దగ్గు, సొంత దగ్గు

అక్టోబరు 17

శాఖవారు ఇచ్చిన పుస్తకంలో నాలుగు గడులున్నాయి: తేదీ, వీధి, అంకె, సంతకం. అనుమానానికి గడి లేదు. అందుచేత ఈ నోటుపుస్తకం సొంతంగా కొని, నా అనుమానాలను నేటి నుంచి సవినయంగా ఇందులో నమోదు చేస్తున్నాను.

నేను గాలి రీడరును. పేరు ఫల్గుణరావు, చదువు ఎమ్మెస్సీ ఫిజిక్సు. ఊళ్ళోవాళ్ళు మాత్రం 'గాలోడు' అంటారు. ఉద్యోగం రాకముందూ అదే అనేవారు. హోదా మారింది, పిలుపు మారలేదు.

మా సున్నపుగుట్టలో రోజుకు రెండుసార్లు పిండి పడుతుంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు. సున్నపు బట్టీల మీదుగా వచ్చే ఆ తెల్లటి దుమ్మును పిండి అనడం మా మర్యాద. ఆ గంటల్లో ముక్కుగుడ్డ లేకుండా బయట కనిపించాడంటే వాడు కొత్తల్లుడన్నా అయ్యుండాలి, ఓట్లడిగేవాడన్నా అయ్యుండాలి.

నా కింద నాలుగు వీధులు, నాలుగు స్తంభాలు. ఒక్కో స్తంభం మీద కొబ్బరికాయంత మీటరు, దానికి జల్లెడలాంటి మూతి. నేను కింద నిలబడి చేతిలోని యంత్రాన్ని పైకి చూపిస్తే అంకె వస్తుంది. ముట్టుకునే అధికారం నాకు కూడా లేదు. స్తంభానికి కట్టిన రేకు మీద ఎర్రక్షరాలతో ఉంది: 'మీటరు ముట్టుకున్నవారికి అయిదేళ్ళు గాలి వైద్యం బంద్.'

అంకె రెండొందలు దాటితే ఆ వీధివాళ్ళ దగ్గు 'గాలి దగ్గు'. ఆస్పత్రిలో ఊపిరితిత్తులు ఉచితంగా కడుగుతారు. ఖర్చు సర్కారూ బట్టీలవాళ్ళూ పంచుకుంటారు. దాటకపోతే అది 'సొంత దగ్గు'. దగ్గినవాడే కట్టుకోవాలి. అందువల్ల మా ఊళ్ళో మంచి గాలి కోరుకునేవాడు ఒక్కడూ లేడు. మీటరు కింద మిరపకాయలు వేయించేవాళ్ళున్నారు. పోయిన నెల రెండో వీధిలో పెళ్ళివారు సరిగ్గా స్తంభం కిందే గాడిపొయ్యి తవ్వించి, ముహూర్తబలం అని నాతో వాదించారు. అట్లాంటి వాళ్ళను పట్టుకోవడం నా ఉద్యోగంలో సగం.

ఈ రోజు దసరా సెలవుల తర్వాత తొలి రౌండు. మొదటి వీధి 264. రెండు 291. మూడు 279. నాలుగో వీధి: 41.

యంత్రాన్ని తొడకేసి రెండు దెబ్బలు కొట్టాను. 41. సెలవులకు ముందు అక్కడ 287 ఉండేది. 41 సముద్రపు ఒడ్డున రావాల్సిన అంకె. నాలుగో వీధికి సముద్రం నాకు తెలియకుండా ఎప్పుడూ రాలేదు.

ఎవరో ఏదో చేశారు. చేసినవాడెవడో తేల్చాలి.

అక్టోబరు 19

శాఖ నుంచి నాలుగో వీధికి తీపి కబురు వచ్చింది. సెలవుల్లో మీటరు దానంతటదే పంపిన అంకెలన్నీ కలిపి వారం సగటు 41. కాబట్టి ఆ వీధి నేటి నుంచి 'శుభ్ర వీధి'. నియమం ప్రకారం వీధి శుభ్రం కావడానికి వారం చాలు, తిరిగి మురికి కావడానికి మూడు నెలలు పడుతుంది. మనుషుల్లో ఇది తిరగేసి ఉంటుంది.

నేను శాస్త్రజ్ఞుణ్ణి గనుక ఒక ప్రయోగం చేశాను. పిండి గంట అయిపోగానే మూడో వీధి మొగలో పది నిమిషాలు నిలబడి దగ్గులు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. నాలుగో వీధి మొగలో మరో పది నిమిషాలు. ముప్పై మూడు. నా సొంత దగ్గులు తీసేశాక వచ్చిన అంకెలివి.

సముద్రపు గాలి పీలుస్తూ ముప్పై మూడుసార్లు దగ్గే జనాన్ని భూగోళశాస్త్రంలో నేనెక్కడా చదవలేదు.

అక్టోబరు 20

ఈ రోజు ఆదెమ్మ పిన్నితో ఆస్పత్రికి వెళ్ళాను. నాలుగో వీధి స్తంభం కింద ఇస్త్రీబండి ఆవిడదే. నాకు చుట్టరికం ఏమీ లేదు. నా రెండు చొక్కాలు ఆవిడ చేతిలో నిటారుగా నిలబడతాయి గనుక పిన్ని అంటాను. గంజి పెట్టి, బొగ్గుల పెట్టెతో రుద్దిందంటే చొక్కా లోపల మనిషి అవసరం ఉండదు. పిండి గంటల్లో కరెంటు తీసేస్తారు కాబట్టి ఊళ్ళో బొగ్గుల పెట్టె ఇంకా బతికే ఉంది.

ఆవిడకు పన్నెండుసార్లు ఊపిరితిత్తులు కడగాలన్నారు. ఏడు అయ్యాయి. ఏడోది ఈ నెల పదో తారీఖున. రెండు కడుగుళ్ళ మధ్య ఇరవై ఒక్క రోజులు మించితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అట్లా మొదలుపెడితే ఆ ఊపిరితిత్తులు తట్టుకోవని డాక్టరుగారు నా ఎదుటే చెప్పాడు. అంటే ముప్పై ఒకటో తారీఖు మధ్యాహ్నం పన్నెండు గంటలు గడువు.

కౌంటరులో మనుషులుండరు. తెర మీద చేతులు జోడించిన ఒక బొమ్మ ఉంటుంది. దానికి భాష నేర్పినవాడెవరో పంచాంగం రాసే కుటుంబంవాడని నా అనుమానం.

"మాన్యురాలా, నమస్సులు. మీ వీధి శుభ్రమైనది. కావున మీ దగ్గు మీ స్వంతము. ఒక్కొక్క కడుగుడుకు పద్దెనిమిది వేలు చెల్లించవలెను" అంది బొమ్మ.

పిన్ని నా వైపు చూసింది. "ఏందిరా ఇది, పోయినసారి ఇట్టా అన్లేదే?"

"వీధి శుభ్రమైందంట పిన్నీ."

"ఎవురు చెప్పింది? మా ఇంటి గుమ్మం చూసిందా ఇది?" అని తెరకు దగ్గరగా వంగింది. "చూడమ్మాయ్, నాకు సొంతమయింది ఇస్త్రీపెట్టె ఒక్కటే. దగ్గు నాది కాదు. బట్టీలోళ్ళది. నేను మోస్తన్నా, అంతే."

"ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వాడుదురా?"

"మరి నీళ్ళు పోస్తారా?"

"మీ దగ్గుకు కారణము లభించినది. ధన్యవాదములు" అని బొమ్మ మళ్ళీ చేతులు జోడించింది.

ముప్పై ఏళ్ళుగా ఊరి చొక్కాలు రుద్దినావిడ అడిగినదానికి నిజం చెప్పింది. ఆ నిజాన్నే బొమ్మ ఆవిడ మీద రాసుకుంది. పద్దెనిమిది వేలంటే ఆవిడకు రెండు నెలల ఇస్త్రీ.

తిరిగొచ్చేప్పుడు పిన్ని ఆటోలో అంది: "దానికి దణ్ణం పెట్టడం బాగా నేర్పార్రా. పెట్టి పెట్టి పీక కోస్తది."

అక్టోబరు 22

మా అధికారి పద్మలోచన మేడం గదిలో కొత్త బ్యానరు నేలమీద పరిచి ఉంది. 'జిల్లా తొలి శుభ్ర వీధి.' వచ్చే నెల మూడో తారీఖున సభ. మేడం గారికి శాలువా.

"మేడం, ఆ అంకె మీద నాకు అనుమానంగా ఉంది" అన్నాను.

"గాలి బాగుపడితే నీకేమిటయ్యా ఏడుపు?"

"బట్టీలు అట్లాగే నడుస్తున్నాయి మేడం. పిండి అట్లాగే పడుతోంది. నాలుగో వీధిలో మాత్రమే గాలి బాగుపడటానికి అక్కడేమన్నా తలుపులున్నాయా?"

ఆవిడ ఒక కాగితం నా ముందుకు తోసింది. నాలుగో వీధి వైద్య ఖర్చు నాలుగు రోజుల్లో సున్నాకు వచ్చింది. కలెక్టరుగారు దాని మీద 'భేష్' అని రాశారు.

"రోగం తగ్గలేదు మేడం. రోగుల్ని తగ్గించాం."

మేడం బ్యానరు మీద పడ్డ నా చెప్పుల గుర్తును చూసింది. "అది తుడిచి వెళ్ళు" అంది.

మేడం పేరు కూడా అనుమానితుల జాబితాలో రాశాను. శాలువా కోసం మనిషి ఎంత దూరమైనా వెళ్తుంది.

అక్టోబరు 24

జాబితా ఇప్పటివరకు ఇట్లా తయారైంది. ఒకటి, శాలువా మేడం. రెండు, ఆస్పత్రి, సొంత దగ్గులు పెరిగితే లాభం వాళ్ళకే. మూడు, బట్టీల ఏజెంటు రంగనాయకులు. గాలి దగ్గులు తగ్గితే ఆయన యజమానుల వాటా తగ్గుతుంది. మూడింట్లో మూడోది బలమైనది. ఎందుకంటే రంగనాయకులు రోజూ మూడున్నరకు ఒక నల్లసంచితో నాలుగో వీధి స్తంభం దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, పిండి పడేలోపు వెళ్ళిపోతాడు.

నేను ఎదురింటి అరుగు మీద దినపత్రిక అడ్డం పెట్టుకుని కూచున్నాను. పత్రికకు కన్నం పెట్టడం పాత పద్ధతి. నేను పక్కనుంచి చూశాను.

మూడున్నరకు వచ్చాడు. సంచి తెరిచాడు. అందులోంచి నాలుగు సఫారీ సూట్లు తీశాడు.

"గంజి బాగా దట్టించు ఆదెమ్మా. రేపు అయ్యగారితో మీటింగు" అన్నాడు.

"దట్టిస్తాలే. నిన్నటి జత తీసుకుపో. ప్యాంటు జేబులో నీ పళ్ళపొడి పొట్లం ఉండింది, తీసి పక్కన పెట్టా."

ఏజెంటు సిగ్గుపడి అటూ ఇటూ చూశాడు. ఇన్నాళ్ళూ ఆయన అటూ ఇటూ చూసినదంతా ఇందుకే కాబోలు. మూడో అనుమానితుణ్ణి కొట్టేశాను. ఆయన నావైపు వచ్చి, "పేపరు తలకిందులుగా పట్టుకున్నావు బాబూ" అని చెప్పి వెళ్ళాడు.

అక్టోబరు 26

ధర్మం ప్రకారం ఆదెమ్మ పిన్నిని కూడా అనుమానించాను. బండి స్తంభం కిందే ఉంది. అవకాశం ఆవిడకు ఉన్నంత ఎవరికీ లేదు. కానీ బొగ్గుల పొగ మీటరులోకి వెళ్తే అంకె పెరగాలి, తగ్గకూడదు. ఆవిడే నేరం చేసి ఉంటే మీటరు మూడొందల యాభై చూపించేది. ఫిజిక్సు ఆవిణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది.

ఆస్పత్రి వాళ్ళను కూడా వదిలేయాల్సి వచ్చింది. స్తంభం ఎక్కాలంటే వాళ్ళకు నాలుగు కాగితాలు, ఆరు సంతకాలు కావాలి. అంత కష్టపడి మోసం చేసే ఓపిక వాళ్ళకు లేదు.

ఈ లోపల పిన్ని దగ్గు మారింది. ఇదివరకు దగ్గి తిట్టేది. ఇప్పుడు దగ్గి, పెట్టె ఆనించి, కాసేపు ఊరుకుంటోంది. తిట్టు రావడం లేదు. నాకు భయం వేసింది అందుకే.

"అయిదు రోజులుందిరా ఇంకా" అంది.

"దేనికి పిన్నీ?"

"తెలియనట్టు అడుగు."

అక్టోబరు 28

దొరికింది. దొరక్కపోతేనే బాగుండేది.

మధ్యాహ్నం చొక్కా తీసుకోవడానికి వెళ్ళాను. పిన్ని పెట్టెలో బొగ్గులు విసురుతూ గొణుగుతోంది. "అంత శ్రద్ధగా చేశా. అయినా తల్లికి నామీద దయ లేకపాయె."

"ఏ తల్లికి?"

గడ్డంతో పైకి చూపించింది. అటు గుడి లేదు. స్తంభం ఉంది.

"ఇదిగో, ఈ మీటరు తల్లికి. మందిప్పిచ్చేది ఆమే గదా. దసరా నాడు అందరం పనిముట్లకు బొట్లు పెడతాంగా? ఇస్త్రీపెట్టెకు పెట్టా, బల్లకు పెట్టా, నీళ్ళ సీసాకు గూడా పెట్టా. పాపం ఈమెకు ఎవురూ పెట్టలేదు. ఊరంతా తిని పండుకోంగానే బల్లెక్కి, పసుపు రాసి, ఇంత కుంకం పెట్టి, దణ్ణం పెట్టుకుని దిగా."

నా చేతిలోంచి చొక్కా జారింది. గంజి చొక్కా గనుక కాసేపు నిలబడి, తర్వాత పడింది.

"ఎక్కడ రాశావు పిన్నీ పసుపు?"

"నుదుటి మీద. ముందువైపు జల్లెడలాగ ఉండదూ, అదే నుదురనుకున్నా."

"నుదురు కాదు. ముక్కు."

"ఏందీ?"

"దానికి ముక్కు అదే. దాంట్లోంచే గాలి పీలుస్తుంది. నువ్వు ముక్కుకు పసుపు మెత్తావు."

"పసుపే గదరా. ఎండితే రాలిపోదూ?"

"వట్టి పసుపేనా?"

పిన్ని బొగ్గులు విసరడం ఆపింది. "చేతిలో గంజి గిన్నె ఉంటే దాంతోటే కలిపా. నీళ్ళు దండగెందుకని."

ఆవిడ గంజి సంగతి జిల్లా అంతా తెలుసు. పదహారు రోజులుగా మీటరు మూతి మీద అది సఫారీ కాలరులాగా బిగుసుకుపోయి ఉంది. మరుసటి రోజే పిండి పడి పసుపంతా తెల్లగా కప్పేసింది. మా ఊళ్ళో అన్నీ తెల్లగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నేను రోజూ కింద నిలబడి, మెడ పైకెత్తి, ఊరందరినీ అనుమానించాను. ఫిజిక్సు విడుదల చేసిన మనిషిని గంజి పట్టిచ్చింది.

పిన్ని ముఖంలో సంగతి నెమ్మదిగా దిగింది. ఆవిడ వీధి మొదటి నుంచి చివరి దాకా చూసింది. అరవై ఒక్క గడప. మూడో గడపలో ఉబ్బసం పట్టిన చంటిపిల్ల. చివరింట్లో ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న తాత.

"వీళ్ళందరి మందూ నేనే ఆపానా?" అంది.

నేను కింద పడ్డ చొక్కా తీసి దులపడం మొదలుపెట్టాను.

అక్టోబరు 29

ఈ రోజంతా వాదన. తడిగుడ్డతో తుడిచేస్తే సరిపోదు. రేపటి నుంచి అంకె 287 వచ్చినా, వీధి మళ్ళీ మురికి వీధి కావడానికి మూడు నెలలు. పిన్నికున్నది రెండు రోజులు. నియమాల పుస్తకం మొత్తం చదివాను. నాకంటే ముందు దాన్ని చెదపురుగులు మాత్రమే చదివినట్టు ఆధారాలున్నాయి. అందులో ఒకే దారి ఉంది. 'మీటరును ముట్టుకున్న వ్యక్తి అంగీకార పత్రం మీద వేలిముద్ర వేసినచో, ఆ తేదీ నుండి వచ్చిన అంకెలు రద్దగును. వీధి పూర్వస్థితికి వచ్చును.' దాని కిందే, 'ఆ వ్యక్తికి అయిదేళ్ళు గాలి వైద్యం నిలుపబడును. శాఖ ఉద్యోగి అయినచో ఉద్యోగము కూడ.'

"పద. వేస్తా" అంది పిన్ని, చెయ్యి కడుక్కుంటూ.

"నువ్వు వేస్తే వీధి బాగుపడుతుంది. నీకు మాత్రం ఎనిమిదో కడుగుడు ఉండదు."

"చేసింది నేను గదా."

"నేను చేశానని రాస్తే?"

ఆవిడకు కోపం రావడం పది రోజుల తర్వాత మళ్ళీ చూశాను. "నీ మొహం. బల్లెక్కింది నేను, బొట్టు పెట్టింది నేను, దణ్ణం పెట్టింది నేను. పూజ నాది, పేరు నీదా?"

"పూజ ఫలం నువ్వే ఉంచుకో. పాపం మాత్రం నాకివ్వు."

"విడగొట్టిస్తారా అట్టా? బజార్లో కూరగాయలా?"

"పిన్నీ, నా వయసు ఇరవై నాలుగు."

"నీ ఊపిరి వయసెంత? మొన్న శాఖలో తీశారుగా, నాకు చూపించావుగా కాయితం."

నలభై ఒకటి. ఎందుకు చూపించానో నాకే తెలియదు, నవ్విద్దామని కాబోలు. ఈ ఊళ్ళో అయిదేళ్ళు కడుగుడు లేకుండా ఉంటే ఆ అంకె ఎక్కడికి పోతుందో లెక్క కట్టడం నాకు వచ్చు. కట్టలేదు.

"నేను యాభై రెండేళ్ళు పీల్చా. నీకింకా పెళ్ళి గూడా కాలా. నోరు మూసుకుని చొక్కా తీసుకుపో" అంది పిన్ని. అంతటితో సభ ముగిసింది.

అక్టోబరు 30

పద్మలోచన మేడం దగ్గరికి వెళ్ళాను. బ్యానరు ఇస్త్రీ చేయించి గోడకు ఆనించారు. ఆ ఇస్త్రీ ఎవరిదో చూడగానే తెలిసింది.

"మేడం, నాలుగో వీధి మీటరు మూతి పూడిపోయి ఉంది. తనిఖీ చేయించండి."

"తనిఖీకి నలభై రోజులు వరస."

"అయితే అంగీకార పత్రం ఇవ్వండి."

మేడం కళ్ళద్దాలు తీసింది. "ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే. దసరా నాడు ఆయుధపూజ చేశాను. పసుపు రాసి బొట్టు పెట్టాను."

"నువ్వా? పోయినేడు ఆఫీసు పూజకు రమ్మంటే బొట్టుకీ మీటరుకీ సంబంధం ఏమిటని గంటసేపు వాదించావు."

"మనసు మారింది మేడం."

"పసుపు ఎండితే రాలిపోతుంది. ఇన్ని రోజులు ఎట్లా నిలిచింది?"

"గంజిలో కలిపాను."

"గంజి నీకెక్కడిది?"

"అన్నం వండుకుంటాను కదా మేడం."

"దేంట్లో?"

"కుక్కర్లో."

మేడం కుర్చీ వెనక్కి వాలింది. కుక్కర్లో వండేవాడికి గంజి ఎక్కడి నుంచి వస్తుందో ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు. గోడకు ఆనించిన బ్యానరు వైపు చూసింది. దాని అంచు కత్తిలాగా నిలబడి ఉంది. దాన్ని వేలితో ఒకసారి తడిమి, వేలు వాసన చూసింది.

ఇక అయిపోయిందనుకున్నాను.

సొరుగు లాగి పత్రం తీసింది. "కొట్టివేతలు లేకుండా నింపు. వేలిముద్ర ఇక్కడ కాదు, ఆస్పత్రి కౌంటరులో వెయ్యాలి. రేపు పన్నెండులోపల." నేను గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి అంది: "ఆ శాలువా రంగు కూడా నేనే ఎంచుకున్నానయ్యా."

మేడం పేరు జాబితాలోంచి కొట్టేశాను. జాబితాలో ఇక ఎవరూ మిగల్లేదు.

అక్టోబరు 31

పొద్దున పిన్నికి అబద్ధం చెప్పాను. "మేడం మనసు మార్చుకుంది. మీటరు పాడైందని రాసి పంపించింది. ఎవరూ వేలు పెట్టక్కర్లేదు" అన్నాను.

"నిజమా?"

"నేనెప్పుడన్నా అబద్ధం చెప్పానా?"

"రోజూ చెప్తావు."

"ముఖ్యమైన విషయాల్లో?"

పిన్ని లోపలికెళ్ళి చీర మార్చుకొచ్చింది. ఆటోలో దారంతా నన్ను పక్క చూపులు చూస్తూనే ఉంది. పదిహేను రోజులు ఊరందర్నీ నేను చూసిన చూపు అది. ఎదటివాడికి అది ఎంత దురదగా ఉంటుందో ఇవాళ తెలిసింది.

పదకొండున్నరకు నర్సమ్మ ఆవిణ్ణి లోపల అద్దాల గదిలో కూచోబెట్టింది. కడుగుడు యంత్రానికి గొట్టం బిగించి, మాస్కు ముఖానికి పెట్టింది. వీధి పాత స్థితికి వచ్చిందని కౌంటరు ఒప్పుకుంటే తప్ప గొట్టం తెరుచుకోదు. అద్దం మందంగా ఉంటుంది. లోపలి మాట బయటికి రాదు.

నేను కౌంటరు ముందు నిలబడి పత్రం పెట్టాను. బొమ్మ చేతులు జోడించింది.

"మాన్యుడా, నమస్సులు. మీటరును స్పృశించినది మీరేనా?"

"నేనే."

"స్వబుద్ధితోనా, ఇతరుల ప్రేరణతోనా?"

"భక్తితో."

"ఆ గడి లేదు."

"అయితే స్వబుద్ధితో."

"నేటి నుండి అయిదేళ్ళు మీ ప్రతి దగ్గూ స్వంతము. ఉద్యోగము రద్దు. సమ్మతమైనచో కుడి బొటనవేలు ఉంచుడు. సమయము పదకొండు యాభై రెండు."

తెర మీద ఒక ఎర్ర గుండ్రం వెలిగింది. నేను చెయ్యి ఎత్తాను. ఇరవై నాలుగేళ్ళ వేలు. దాని వెనక నలభై ఒక్కేళ్ళ ఊపిరి.

అద్దం దడదడలాడింది. తలెత్తి చూశాను. పిన్ని మాస్కు పీకేసుకుని అద్దానికి అతుక్కుపోయింది. నా చేతిలోని పత్రం, ఎత్తిన వేలు రెండూ ఆవిడకు కనిపించాయి. సంగతి తెలిసిపోయింది. అరచేత్తో అద్దాన్ని బాదుతూ ఒకటే మాట అరుస్తోంది. నర్సమ్మ భుజాలు పట్టుకుని వెనక్కి లాగుతోంది. ఆవిడ మళ్ళీ వచ్చి మళ్ళీ అరిచింది. అదే మాట. రెండక్షరాలు.

నాకు వినపడలేదు. పెదవులు మాత్రం కనిపించాయి. ముందు కింది పెదవి పళ్ళకు తగిలింది, తర్వాత నాలుక పళ్ళ వెనక ఆనింది, చివర మూతి ముందుకొచ్చింది.

శాస్త్రజ్ఞుడిగా నిజాయితీగా రాస్తున్నాను. 'వద్దు' అన్నా పెదవులు అట్లాగే కదులుతాయి. 'వత్తు' అన్నా అట్లాగే కదులుతాయి. అద్దం అవతల నుంచి ఆ రెండింటినీ విడదీయగల పరికరం ఇంతవరకు కనిపెట్టలేదు. ఆవిడ కళ్ళను బట్టి తేల్చవచ్చు. నేను కళ్ళ వైపు చూడలేదు.

తేలని అనుమానం ఉన్నప్పుడు కోర్టువారు దాని లాభం ముద్దాయికి ఇస్తారు. సంశయలాభం అంటారు. ఇవాళ ముద్దాయిని నేనే గనుక, దాన్ని నాకే ఇచ్చుకుని, వత్తాను.